వేన్ భద్రం గారి పదవీ విరమణ

గ్రూపులో ఉన్న పెద్దలకీ, చిన్నలకీ, అన్నీ చదివి ఏమీ అనకుండా వెళ్ళిపోయే వాళ్ళకీ నమస్కారం. మా తూముపాలెంలో జరిగిన ట్రయాథ్లాన్ గురించి బయట రకరకాలుగా చెప్పుకుంటున్నారు. అందులో పాల్గొన్నవాణ్ణి కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎవర్నీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అధికారులు వాళ్ళ పని చాలా శ్రద్ధగా చేశారు. అంత శ్రద్ధ వల్లే ఇలా అయిందని మా ఆవిడ అంటుంది గానీ, ఆవిడ చదివింది ఏడో తరగతి. నేను పది దాకా వెళ్ళాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ట్రయాథ్లాన్ అంటే ముందు ఈత కొట్టాలి. ఒంటి మీద తడి ఆరకముందే సైకిలెక్కాలి. సైకిలు దిగీ దిగగానే పరిగెత్తాలి. ఎవరూ తరమరు. మనంతట మనమే పరిగెత్తాలి. బయటివాళ్ళ సాయం తీసుకోకూడదు, మంచినీళ్ళు కూడా నిర్వాహకులు పెట్టిన చోటే తాగాలి.

రెండేళ్ళ క్రితం సముద్రం ఒడ్డున ఒక పెద్ద ఊళ్ళో నేను ఇలాంటి పోటీకి వెళ్ళాను. ఈత బాగానే అయింది. సైకిలు మీద ఎదురుగాలి తగిలి వెనకబడ్డాను. ఆఖరున ఒక వేన్ వస్తుంది. వెనకబడ్డవాళ్ళనీ, దారిలో పడేసిన అరటితొక్కల్నీ ఎక్కించుకుంటుంది. నన్ను కూడా ఎక్కించుకుంది. తొక్కల మధ్య కూర్చున్న నన్ను మా స్నేహితుడు నరసరాజు గారు ఫోటో తీసి గ్రూపులో పెట్టారు.

ఆ రోజు నుంచి నేను వేన్ భద్రాన్ని.

మా వైపు పేరు పెట్టారంటే అది ఇంటిపేరు కంటే గట్టిగా అతుక్కుంటుంది. నాది మోటార్లు రిపేరు చేసే షాపు, బోర్డు మీద పెద్ద అక్షరాలతో శ్రీ వీరభద్ర ఎలక్ట్రికల్స్ అని ఉంటుంది. జనం మాత్రం వేన్ భద్రం షాపెక్కడ అని అడుగుతారు. రాజు గారి తమ్ముడి కూతురి పెళ్ళికి శుభలేఖ మీద 'వేన్ భద్రం గారికి' అని రాసి పంపారు. ఊళ్ళో ఇంకో భద్రం ఉన్నాడు, తారుమారు కాకూడదని అలా రాశారట. మా మనవడైతే బళ్ళో టీచరు అడిగితే మా తాతయ్య వేన్ నడుపుతాడని చెప్పాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు.

"దీనికి విరుగుడు ఒకటే," అన్నాను మా ఆవిడ సత్యవేణితో. "మన ఊళ్ళో, అందరూ చూస్తుండగా, నా కాళ్ళ మీద నేను గీత దాటాలి."

"దాటండి. ఎవరొద్దన్నారు? ముందా తడి చెడ్డీ మంచం మీంచి తియ్యండి," అంది.

అలా మొదలైంది. నేనూ, నరసరాజు గారూ, యేసుపాదం మాస్టారూ తెల్లవారగానే కాలవలో దిగేవాళ్ళం. రాజు గారికి రొయ్యల చెరువులున్నాయి. ఈతకని ఒంటికి అంటుకుపోయే రబ్బరు సూటు తెప్పించుకున్నారు. అది తొడగడానికి ఒకరు, విప్పడానికి ఇద్దరు కావాలి. మాస్టారు సోషలు చెప్పి రిటైరయ్యారు. మెడలో ఈల వేసుకుని ఈదేవారు. ఎందుకు మాస్టారూ అంటే, "మునిగిపోతే ఊదుదామని," అనేవారు.

కొన్నాళ్ళకి మేమే ఒక చిన్న పోటీ పెడదామని అనుమతి కోసం మండల ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ మండల సమన్వయ ప్రత్యేకాధికారి పరాత్పరరావు గారు మా దరఖాస్తు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కాలవలో ఈదుచున్న మనిషి ఏ శాఖ కింద ఉన్నట్టు?"

"ఏ శాఖా లేదండి. నీళ్ళ మీద ఉంటాడు," అన్నారు మాస్టారు.

"అటుల కుదరదు. కాలవ నీటి శాఖ వారిది. అందుండు వ్యక్తి సదరు శాఖ అజమాయిషీలో ఉన్నట్టు భావించబడును. తదుపరి సైకిలెక్కును. రోడ్డు రోడ్ల శాఖ వారిది. తదుపరి ఊరిలో పరిగెత్తును. అది పురపాలక పరిధి. ఒక శాఖ అజమాయిషీ నుండి మరొక శాఖ అజమాయిషీలోకి పోవుటను ఏమందురు?"

"ట్రాన్సిషన్ అంటారండి," అన్నాను. యూట్యూబులో చూసిందే.

"బదిలీ అందురు."

గుమాస్తా ఒకాయన అవును గదా అన్నట్టు తల పంకించాడు.

"బదిలీ అన్న తర్వాత విడుదల ఉత్తర్వు ఉండవలెను. బాకీలు లేవని ధ్రువీకరణ ఉండవలెను. కొత్త స్థానమున జాయినింగ్ రిపోర్టు ఉండవలెను. ఇవేమీ లేకుండా మనిషి నీళ్ళలోంచి లేచి సైకిలెక్కి పోయినచో, దానిని ఆటలందురేమో గాని పరిపాలన అనరు."

నిజం చెప్పొద్దూ, నాకు ఛాతీ పొంగింది. మా వంశంలో సర్కారు బదిలీ అయినవాడు ఇప్పటిదాకా ఎవడూ లేడు. మా నాన్న ఉంటే ఎంత సంబరపడేవాడో అనుకున్నాను. పుట్టిన తేదీ రుజువుకి నా పదో తరగతి కాగితం ఇచ్చాను. అందులో తేదీ మా పెద్దన్నయ్యది. ఆయన బడి మానేస్తే ఆ సీట్లో నన్ను కూర్చోబెట్టారు. పేరు దిద్దారు, తేదీ దిద్దడం మర్చిపోయారు. ఇన్నేళ్ళూ దానివల్ల నాకొచ్చిన ఇబ్బందేమీ లేదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

నిబంధనలు అచ్చేసి చుట్టుపక్కల ఊళ్ళకి పంపారు. అవి చదివి మిగతా ఊళ్ళవాళ్ళు రామన్నారు. మేం ముగ్గురం చదవలేదు.

పోటీ రోజు కాలవ గట్టు మీద షామియానా వేశారు. మాస్టారు ఈల ఊదారు, ముగ్గురం దూకాం. ఆ ఈత గురించి గొప్ప చెప్పుకోకూడదు గానీ, లాకుల దాకా ఒక్క ఊపులో వెళ్ళిపోయాను. గట్టెక్కి సైకిలు వైపు పరిగెడుతుంటే నీటి శాఖ ఇంజనీరు గారు బల్ల వెనక నుంచి చెయ్యడ్డం పెట్టారు.

"ఒంటి మీద ఉన్నయ్యి ఎవరి నీళ్ళండీ?"

"కాలవ నీళ్ళండి."

"ఏ ఆయకట్టుకి వదిలిన నీళ్ళో తెలుసాండీ?"

"తెలీదండి."

"కింద శివారు భూములకండి. అక్కడ రైతులు చుక్క అందట్లేదని ఏడుత్తన్నారు. మీరేమో ఇక్కడ ఒంటికి పూసుకుని రోడ్డెక్కిపోతన్నారు. బాకీల్లేవని నేనెలా సంతకం పెట్టేదండీ?"

ఆయన మాటలో న్యాయం ఉంది. చెడ్డీ అక్కడే పిండి కాలవలో పోశాను. తల ఆరేదాకా ఎండలో నిలబడ్డాను. ఇంతలో రాజు గారొచ్చారు. రొయ్యల చెరువుల వాళ్ళంటే నీటి శాఖకి ముందు నుంచే అనుమానం. కాలవ కాపలా చూసే ఇద్దరు లస్కర్లు పట్టుకుని సూటు ఊడలాగితే బిందెడు నీళ్ళు, నాలుగు చేపపిల్లలూ బయటపడ్డాయి.

"ఇవి కూడా శివారు భూములకేనా?" అన్నారు రాజు గారు రొప్పుతూ.

"అవి మత్స్య శాఖండి. ఆళ్ళకి కబురెట్టాలి."

మాస్టారు మరీ నిజాయితీపరుడు. ఎవరూ అడగకుండానే, "దారిలో రెండు గుక్కలు మింగానండి," అన్నారు.

ఇంజనీరు గారు కలం కింద పెట్టేశారు. మింగిన నీళ్ళు తిరిగి జమ చెయ్యడానికి మాస్టారు ఒక ఉపాయం చెప్పారు. అది కాలుష్య నియంత్రణ వాళ్ళ పరిధిలోకొస్తుందని ఇంజనీరు గారు ఒప్పుకోలేదు. చివరికి ఆవిరి నష్టం కింద రాసుకుని ముగ్గురికీ విడుదల ఉత్తర్వులిచ్చారు.

సైకిలు మీద చెయ్యి వేశాను. ప్రత్యేకాధికారి గారి గుమాస్తా వచ్చి నా చెయ్యి తీసేశాడు.

"ఎక్కడికండీ? బదిలీ అయినోళ్ళకి జాయినింగ్ టైముంటది. సామాను సర్దుకోవాలి, పిల్లల్ని బళ్ళో ఏసుకోవాలి. వారం రోజులండి."

"నా పిల్లలకి పెళ్ళిళ్ళైపోయినియ్యండి. నాకొద్దండి ఆ టైము."

"వద్దంటే దరకాస్తు పెట్టుకోండి. అది మంజూరవడానికి నెల పడద్దండి."

అందుకని ఇంటికెళ్ళిపోయాను. సత్యవేణి పచ్చడికి మామిడికాయలు తరుగుతోంది. "అయిపోయిందా?" అంది.

"ఈత అయింది. సైకిలు వచ్చే వారం."

"గీత?"

"బతికుంటే."

ఇక్కడో మాట చెప్పాలి. జాయినింగ్ టైము డ్యూటీ కిందే లెక్క అని ప్రత్యేకాధికారి గారు తేల్చారు. అంటే ఇంట్లో కూర్చున్నా నేను పోటీలో ఉన్నట్టే. పోటీలో ఉన్నవాడు బయటివాళ్ళ సాయం తీసుకోకూడదు కదా. అది చూడ్డానికి అప్పలసూరి అని ఒక పరిశీలకుణ్ణి మా వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

మర్నాడు పొద్దున్న సత్యవేణి కాఫీ గ్లాసు నా చేతికివ్వబోతే అప్పలసూరి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మీరివ్వకూడదండి. బయటి సాయం కింద కొడతాది."

"నేను బయటిదాన్నా? ముప్పయ్యేళ్ళ కాపరం."

"పోటీలో పేరిచ్చేరాండీ?"

"లేదు."

"మరైతే బయటోళ్ళేనండి."

సత్యవేణి కాసేపు ఆలోచించింది. ఆ గ్లాసు అప్పలసూరికిచ్చేసింది. "అంటే అన్నం పెట్టకూడదా?"

"కూడదండి."

"బట్టలుతక్కూడదా?"

"అస్సలు కూడదండి."

"ఈ పోటీ నెలనెలా పెడతారా నాయనా?" అంది.

ఆ వారం రోజులూ నేనే వండుకున్నాను, నేనే తోముకున్నాను. అప్పలసూరి మాత్రం వసారాలో పెసరట్టు తింటూ నా వంట పరిశీలించాడు. ఉప్పు ఎక్కువైందని చెప్పాడు. చెప్పడం సాయం కిందికి రాదట.

వారం తర్వాత రోడ్ల శాఖలో జాయినవడానికి వెళ్ళాం. సెక్షన్ ఆఫీసరు గారు మా ఉత్తర్వులు చూసి పెదవి విరిచారు.

"మా దగ్గర సైక్లిస్టు పోస్టు ఒక్కటే శాంక్షనైందండి. ముగ్గురొచ్చారు. సీనియారిటీ ప్రకారం ఒకరికిత్తాం. మిగతా ఇద్దరూ పోస్టింగు కోసం ఎదురుచూడాలండి."

"ఎన్నాళ్ళండి?" అన్నారు రాజు గారు.

"మా బావమరిది ఇంకా చూత్తన్నాడండి. నాలుగేళ్ళైంది."

మాస్టారు సోషలు టీచరు కాబట్టి పరిపాలన తెలుసు. "పోస్టు లేకపోతే అటాచ్‌మెంట్ ఇవ్వచ్చు కదండీ?" అన్నారు. అలాగే అన్నారు. మాస్టారి సీనియారిటీ రిటైరైన రోజే అయిపోయిందని, మా ఇద్దరిలో పుట్టిన తేదీని బట్టి నన్ను సీనియరుగా తేల్చి పోస్టు నాకిచ్చారు. మిగతా ఇద్దర్నీ ఆ పోస్టుకి అటాచ్ చేశారు. పోస్టంటే సైకిలు. రాజు గారి ఖరీదైన సైకిలుకి వెనక సీటు లేదు. మోటార్లు మోసుకెళ్ళే నా పాత సైకిలుకి పెద్ద క్యారేజీ ఉంది. మాస్టారు ముందు కడ్డీ మీద, రాజు గారు వెనక క్యారేజీ మీద, నేను మధ్యలో.

"ఏవోయ్ భద్రం, కాస్త గోతులు తప్పించి తొక్కవయ్యా," అన్నారు రాజు గారు.

"గోతులు తప్పించకూడదండి," అన్నాడు వెనకాల మోపెడ్ మీద వస్తున్న రోడ్ల శాఖ మనిషి. "అయ్యి పూడ్చేసినట్టు రికార్డులో ఉన్నాయండి. మీరు తప్పించేరంటే ఉన్నట్టు లెక్కైపోద్ది."

పూడ్చేసిన గోతుల్లో పడుతూ లేస్తూ మొత్తానికి పూర్తిచేశాం. రాజు గారు దిగాక కూడా చాలాసేపు కూర్చోలేకపోయారు. రిలీవ్ చెయ్యడానికి సంతకం పెట్టాల్సినాయన కాశీ వెళ్ళారు. ఆయన వచ్చాక మళ్ళీ జాయినింగ్ టైము. మళ్ళీ వసారాలో అప్పలసూరి, మళ్ళీ నా వంట. ఈసారి ఉప్పు సరిపోయిందన్నాడు.

పరుగు నెలాఖరు రోజున పడింది. అప్పటికి రాజు గారు కూర్చునే చోట నొప్పని మెడికల్ లీవు పెట్టేశారు. మాస్టారి మీద ఆడిట్ అభ్యంతరం వచ్చింది. ఒకసారి రిటైరైన మనిషిని ఏ నిబంధన కింద మళ్ళీ విధుల్లోకి తీసుకున్నారని. ఆయన్ని మధ్యలోనే నిలిపేశారు. నేనొక్కణ్ణే మిగిలాను.

పురపాలక ఆఫీసులో జాయినింగ్ సంతకం భోజనాల తర్వాత గానీ పడలేదు. పడగానే పరుగు మొదలెట్టాను. మేడల మీద ఆడవాళ్ళు, కొట్ల ముందు మగవాళ్ళు, అందరూ బయటికొచ్చి చూస్తున్నారు. "వేన్ భద్రం వత్తన్నాడ్రా," అని ఎవరో అన్నారు. నేను పట్టించుకోలేదు. ఇంకొంచెంసేపే ఆ పేరు అనుకున్నాను. కాళ్ళు పీకుతున్నాయి, నోరు పిడచకట్టింది, కానీ లోపల నాదస్వరం మోగుతున్నట్టుంది. మలుపు తిరిగేసరికి పురపాలక ఆఫీసు ముందు ముగ్గుతో వేసిన గీత కనబడింది. గీత మీద పడుకున్న కుక్క కూడా కనబడింది. గీత అవతల సత్యవేణి ఉంది. చేతిలో హారతి పళ్ళెం ఉంది.

అప్పుడు వాటర్ ట్యాంకు మీద ఐదు గంటల సైరను కూసింది.

పక్కనే షామియానా కింద నుంచి పురపాలక కమిషనరు గారు నవ్వుతూ ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఆగండి భద్రం గారూ. మీ సర్వీసు ముగిసినది."

"గీత అదిగోనండి. నాలుగంగలు."

"మీ రికార్డు ప్రకారం ఈ మాసాంతమునకు తమరు పదవీ విరమణ వయసు పూర్తి చేసుకొనియున్నారు. ఐదు గంటల తర్వాత తమరు ఒక్క అడుగు పరిగెత్తిననూ అనధికారికముగా విధులలో కొనసాగినట్టగును. అది మీకూ మంచిది కాదు, మాకూ మంచిది కాదు."

"ఆ తేదీ మా అన్నయ్యదండి."

"వారిని కూడా పిలవవలసినది. సభకు నిండుదనము వచ్చెడిది."

వాళ్ళ ఏర్పాటుకి వంక పెట్టలేను. కుర్చీ వేశారు. చెమట మీద శాలువా కప్పారు. గులాబీల దండ వేశారు. నీటి శాఖ ఇంజనీరు గారు లేచి, "భద్రం గారు మా శాఖలో పనిచేసినంతకాలం ఒక్క చుక్క కూడా బయటికి పోనివ్వలేదు," అన్నారు. రోడ్ల శాఖాయన, నా హయాంలో ఏ గొయ్యినీ నేను నిర్లక్ష్యం చెయ్యలేదన్నారు. మాస్టారు మాట్లాడుతూ కళ్ళు తుడుచుకున్నారు. నాక్కూడా ఏడుపొచ్చింది. నేనేడుస్తోంది గీత కోసం.

"ఇంక బయల్దేరనిద్దురూ. నడిచెళ్ళిపోతాను," అన్నాను. నడిచినా గీత మీదుగానే మా ఇంటికి దారి.

కమిషనరు గారు నొచ్చుకున్నారు. "ఎంత మాట. విరమణ పొందిన వ్యక్తిని ఆఫీసు వాహనములో ఇంటి వద్ద దింపుట ఆనవాయితీ. నడిపించి పంపినచో మాకు అప్రదిష్ట."

"ఏ వాహనమండి?" అన్నాను.

పురపాలక వారి దగ్గర ఉన్నది ఒకటే. చెత్త వేన్. శుభ్రంగా కడిగారు, అంతా బంతిపూలు కట్టారు. ఇద్దరు నా చంకల కింద చేతులు వేసి గౌరవంగా ఎత్తి వెనక ఎక్కించారు. డ్రైవరు తాళం తిప్పగానే మైకు మొదలైంది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వండి అని. బండి స్టార్టరూ మైకూ ఒకే స్విచ్చి మీద ఉన్నాయట, అది ఆపితే ఇదీ ఆగిపోతుందట.

జనం నవ్వడం లేదు. అందుకే నాకు భయమేసింది. చేతులు జోడించి నిలబడ్డారు, రిటైరైన మనిషి వెళుతున్నప్పుడు నిలబడ్డట్టు. రాజు గారు ఫోను తీసి పట్టుకున్నారు.

వేన్ కదిలింది. కుక్క లేచి పక్కకి తప్పుకుంది. గీత దగ్గరకొస్తోంది. నేను కూర్చోలేదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో దండ పక్కకి తోసి, ఉన్నచోటే పరుగు మొదలెట్టాను. మోకాళ్ళు ఎత్తి ఎత్తి, నాకున్న బలమంతా పెట్టి పరిగెత్తాను. శాలువా జారిపోయింది. "పొడి చెత్త నీలం బుట్టలో," అంటోంది మైకు. ఆ మాట మీదే గీత దాటాను. సత్యవేణి వేన్ వెంట నాలుగడుగులు పరిగెత్తి, ఊగుతున్న హారతి ఎలాగో నాకిచ్చింది.

"దాటారండీ," అంది. "నేను చూశాను. మీ కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి."

ఇది లెక్కకి వస్తుందా అని ప్రత్యేకాధికారి గారిని అడిగాం. ఆయన చాలాసేపు ఆలోచించి, పూర్తిచేసినట్టూ కాదు, చెయ్యనట్టూ కాదు, గౌరవప్రదముగా విరమించినట్టు అని రాసిచ్చారు. ఆ కాగితం షాపులో వినాయకుడి పటం పక్కన పెట్టాను. రాజు గారు ఆ వీడియో గ్రూపులో పెట్టారు, మీరంతా చూసే ఉంటారు. అప్పలసూరి మాత్రం ఇంకా మా వసారాలోనే ఉన్నాడు. మా ఇంటి నుంచి అతన్ని రిలీవ్ చేస్తూ ఉత్తర్వు రాలేదు. అది రానంతవరకూ నా కాఫీ నేనే పెట్టుకోవాలి. ఉత్తర్వు సంగతి కనుక్కోమంటే సత్యవేణి, "తొందరేముంది, పాపం," అంటుంది.

నిన్న పొద్దున్న షాపు తీసి దీపం వెలిగిస్తున్నాను. పక్క ఊరి రైతు ఒకాయన కాలిపోయిన మోటారు భుజాన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"వేన్ భద్రం గారి షాపిదేనాండీ?"

అగ్గిపుల్ల ఆరిపోయింది.

"ఆయన రిటైరైపోయారండి," అన్నాను.

"అలాగాండీ. మరి మోటారు?"

"పెట్టండి, నేను చూత్తాను. రేపు సాయంత్రం రండి."

ఆయన మోటారు దింపి, తువ్వాలుతో మెడ తుడుచుకుని బయటికెళ్ళాడు. మెట్ల మీద నిలబడి ఫోను చెవిన పెట్టుకుని మాట్లాడ్డం వినబడింది.

"ఆఁ, ఇచ్చేనొరేయ్. వేన్ భద్రం గారు లేరంట. ఆ సీట్లో ఎవరో కొత్తాయన జాయినయ్యేరు."